కొల్లేరులో తెల్లవారుజాము, ఉప్పుటేటిలో పోటు

మార్చి చివరి వారంలో ఏలూరు నుంచి నాలుగింటికే బయల్దేరాం. కొల్లేటిలో ఏ మూలన ఏ చేప ఉంటుందో తెలియాలంటే పగలు వెళ్లి లాభం లేదు. రాత్రంతా గుర్రపుడెక్క వేళ్లు, నాచు, అడుగున కుళ్లే ఆకులు ఆక్సిజన్‌ను తాగేస్తూ ఉంటాయి. తిరిగి నింపే వెలుగు ఉండదు. పొద్దు పొడిచే ముందు అరగంట నీటికి అన్నిటికంటే గడ్డుకాలం. అక్కడ ఎవరు బతకాలో ఆ అరగంటే తేలుస్తుంది.

కొల్లేటికోట దగ్గర తాటి దోనె ఎక్కి ముందు గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోటికి వెళ్లాం. ఆక్సిజన్ కొలిచే మీటరు, లీటరు నీటికి 1 మిల్లీగ్రాము కూడా చూపలేదు. యాభై గజాల అవతల, గాలికి అలలు లేచే తెరిపి నీటిలో 4 చూపింది. లోతు ఒకటే, వేళ ఒకటే. 30 డిగ్రీల నీరు గాలితో నిండుగా కలిసినా పట్టుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. మీటరు వాడేవాళ్లకు ఒక మాట: నీటిలో ముంచే ప్రోబు పొర ఉన్న పాత రకమైతే, దాన్ని నిలవ నీటిలో కదలకుండా ఉంచితే తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను అదే తినేసి అంకెను తగ్గించి చూపుతుంది. అంకె నిలిచేదాకా నెమ్మదిగా ఊపుతూ ఉండాలి.

బొచ్చె, శీలావతి మొప్పలతోనే ఊపిరి పీలుస్తాయి. ఆక్సిజన్ 3 కంటే దిగితే మేత మాని ఇబ్బంది పడతాయి, ఇంకా దిగితే పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే డెక్క కింద దొరికేవన్నీ నల్లచేపలే: కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక. ఇవి పైకి వచ్చి గాలి మింగగలవు. కొరమీనుకు గాలి తప్పనిసరి. పైకి రానివ్వకపోతే ఆక్సిజన్ ఉన్న నీటిలోనూ ఉక్కిరిబిక్కిరై చస్తుంది.

చేపలు లోపలికి దూరి చిక్కుకునే బుట్టల్లాంటి మావులు వేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. మావును పూర్తిగా ముంచితే తెల్లారేసరికి లోపలి కొరమీనులు చచ్చి ఉంటాయి. పైభాగం జానెడు నీటి మీదకు ఉండాలి. సాయంత్రం వేసి పొద్దున్నే తీయాలి. విసురువల ఈ చోట పనికిరాదు, కాడలకు చిక్కుకుంటుంది. తెరిపిలో విసురువల, డెక్కలో మావు రెండూ వాడకుండా చేపల జాబితా రాస్తే, అందులో వలకు దొరికిన చేపలే ఉంటాయి, నీటిలోని చేపలు కాదు. అభయారణ్యం హద్దులో, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే గీత (+5 కాంటూరు) లోపల, ఏది వేయాలన్నా అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

దెయ్యం చేప అని పిలిచే, బయటి నుంచి వచ్చిన ప్లెకో పెరగడానికీ ఈ నీటితో సంబంధం ఉంది. అది కడుపుతో గాలి పీల్చగలదు. నీరు చెడేకొద్దీ బొచ్చె, శీలావతి లాంటి తెల్లచేపలు తప్పుకుంటాయి, దానికి మాత్రం చోటు దొరుకుతుంది. ఈ చేపను చూసి కోపం తెచ్చుకునే ముందు పొద్దున్నే ఆక్సిజన్ కొలవాలని నా అభిప్రాయం.

మధ్యాహ్నం మూడింటికి తెరిపి నీటికి మళ్లీ వెళ్తే అంకె 10 దాటింది. పచ్చగా ఉన్న నాచు ఎండలో ఆక్సిజన్‌ను ఊదేస్తోంది. నీటి క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ కూడా 9కి చేరింది. పీహెచ్ పెరిగితే నీటిలోని అమ్మోనియాలో విషపు పాలు పెరుగుతుంది. మధ్యాహ్నం ఒక్కసారే కొలిచి నీళ్లు బాగున్నాయని రాస్తే రెండు విధాలా తప్పే.

బుడమేరు, తమ్మిలేరు వానాకాలపు నీరు తెచ్చి కలిపితే, కొల్లేరు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. ఎండాకాలం పైనుంచి వచ్చే నీరు తగ్గగానే సముద్రపు పోటు ఉప్పుటేటిలోకి వెనక్కి ఎక్కుతుంది. సాయంత్రం ఆకివీడు దగ్గర కొలిచాం. ఉప్పునీరు బరువు, అడుగునే పాకుతుంది. పైన ముంచిన నీరు అబద్ధం చెబుతుంది. సీసాకు రాయి, బిరడాకు వేరే తాడు కట్టి అడుగుకు దించి బిరడా లాగాలి. పైన లీటరుకు 2 గ్రాముల ఉప్పు, అడుగున 6 వచ్చింది. వెలుతురు వంపును బట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు 1 గ్రాము లోపు తేడాలను సరిగా చెప్పదు, మంచినీటి వైపు నీటి విద్యుత్ వాహకత కొలిచే మీటరే వాడాలి.

ఈ నాలుగు గ్రాముల తేడాకే చేపలు మారిపోతాయి. ఇసుకదొందులు మంచినీటి వైపూ ఉప్పునీటి వైపూ ఉంటాయి, తిలాపియాకు ఉప్పు పట్టింపు లేదు. పండుగప్ప పిల్లలు పోటుతో పైకి వస్తాయి. బొచ్చె పిల్లలు మాత్రం ఇక్కడ కనిపించవు. అవి పుట్టాలంటే వరద పారాలి. నిలవ నీటిలో బొచ్చె గుడ్లు పెట్టదు. అందుకే 1957లో ఒడిశాలో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసంతో ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించేదాకా, చెరువులకు పిల్లల్ని ఎక్కువగా నదుల నుంచే పట్టి తేవాల్సి వచ్చేది.

పాటు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గడం, మొదలయ్యాక అదే చోట మళ్లీ సీసా దించాం. అడుగున ఉప్పు 4కి తగ్గింది. చీటీ మీద అంకె పక్కన గంట, లోతు, పోటో పాటో రాసి పెట్టాం.