ఫాల్స్ సీలింగ్ పైన జరిగే పని

గల్ఫ్‌లో ఏసీ పనంటే చల్లటి గదుల్లో ఉండే ఉద్యోగమని మా ఉదయగిరి మెట్ట ప్రాంతంలో చాలామంది అనుకుంటారు. గది చల్లబడే సమయానికి ఆ గదితో మాకు పని తీరిపోతుందని చెప్పినా నమ్మరు. దోహాలో వెస్ట్ బే, పెర్ల్ వంటి చోట్ల ఎత్తయిన భవనాలకు ఒక కేంద్రం నుంచి భూమిలోని గొట్టాల ద్వారా చల్లటి నీరే సరఫరా అవుతుంది. అది పెద్ద కంపెనీల పని. మా కంపెనీకి దక్కినవి దుకాణాలు, క్లినిక్కులు, విల్లాలలో అతిథులు కూర్చునే మజ్లిస్‌లు. ఇటువంటి చోట్ల గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ కన్నా, ఫాల్స్ సీలింగ్‌లో ఒదిగిపోయి నాలుగు వైపులా గాలి వదిలే క్యాసెట్ ఏసీనే ఎక్కువగా అడుగుతారు. కింద ఉన్నవారికి తెల్లటి చదరపు మూత ఒక్కటే కనిపిస్తుంది కనుక, పనంతా ఆ మూత బిగించడమేనని వారికి అనిపించడంలో వింత లేదు.

యూనిట్‌ను వేలాడదీయడం చూసేవారికి పెద్ద పనిలా ఉంటుంది గానీ, నిజానికి త్వరగా అయిపోయేది అదే. పెట్టెతో పాటు వచ్చిన అట్ట నమూనా ప్రకారం నాలుగు గుర్తులు పెట్టి, వాటిని లేజరుతో స్లాబు మీదికి ఎక్కించి, యాంకర్లు కొట్టి, 10 మిల్లీమీటర్ల మరల కడ్డీలు దించుతాము. స్లాబులో పోస్ట్ టెన్షన్ కేబుళ్లు, అంటే స్లాబును లోపలి నుంచి బిగించి పట్టే ఉక్కు తీగలు, ఉండే అవకాశం ఉన్నచోట, స్కానరుతో చూసి ఇంజనీరు అనుమతి ఇచ్చేదాకా డ్రిల్లు ముట్టుకోనివ్వరు. ఆ తర్వాత యూనిట్‌ను ఎత్తి, రసమట్టంతో నాలుగు మూలలూ సరిచూసి, నట్టు మీద నట్టు బిగిస్తాము.

చల్లదనం యంత్రం చూసుకుంటుంది. మనిషిని ఏడిపించేది నీరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రం మీది తేమ దోహాను కమ్మేస్తుంది. అంతటి తేమ గల గాలి చల్లటి కాయిల్‌కు తగలగానే నీరుగా మారి ట్రేలోకి కారుతూ ఉంటుంది. గోడ ఏసీ నీరు గోడలోంచి దానంతటదే దిగిపోతుంది, క్యాసెట్‌లో మాత్రం చిన్న పంపు ఆ నీటిని ముందు పైకి ఎత్తాలి. ఎత్తు ముప్పావు మీటరుకు అటూఇటూగా ఏసీ తయారీ కంపెనీ చెప్పిన హద్దు దాటకూడదు, అక్కడి నుంచి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు తగ్గకుండా పైపు నడవాలి. కాగితం మీద ఇది ఒక్క గీత. సీలింగ్ పైన చూస్తే మా కన్నా ముందే మంటలార్పే నీటి పైపులవాళ్లు, కేబుల్ ట్రేలవాళ్లు తమకు నచ్చిన దారులు పట్టుకుని ఉంటారు. చివరికి వచ్చిన మాకు మిగిలిన సందుల్లోంచే ఆ వాలు తీసుకురావాలి. నాలుగు దేశాలవాళ్లు వచ్చీరాని హిందీలో పోట్లాడుకునేది ఎక్కువగా ఈ వాలు గురించే. మీటరుకొక ఆనుగడ లేకపోతే పైపు మధ్యలో కుంగి, ఆ కుంగిన చోట నీరు నిలిచిపోతుంది. చల్లబరిచే గ్యాసు నడిచే రాగి గొట్టానికి చుట్టిన రబ్బరు తొడుగులో బొటనవేలంత ఖాళీ వదిలినా చాలు, అక్కడ చెమ్మ పట్టి, కొన్నాళ్లకు జిప్సం పలక మీద ఒలికిన టీ మరకలా పసుపు వలయం తేలుతుంది. ఏసీ చక్కగా చల్లబరుస్తున్నా సరే, ఆ మరక చూసిన యజమాని పని చెడిందనే అంటాడు. అది న్యాయమే.

రాగి గొట్టాలను అతికేటప్పుడు లోపల నైట్రోజన్‌ను సన్నగా ప్రవహింపజేయాలి, లేకుంటే లోపలి గోడకు నల్లటి పెచ్చు కట్టి, అది తర్వాత ఊడి కంప్రెసరు దాకా పోతుంది. అతకడం పూర్తయ్యాక అదే నైట్రోజన్‌ను సుమారు 40 బార్ల ఒత్తిడితో నింపి, సిలిండరు తీసేసి, 24 గంటలు వదిలేస్తాము. కొత్తగా వచ్చినవారికి అసలైన పరీక్ష మరునాడు ఉదయం ఎదురవుతుంది. సాయంత్రం 40 దగ్గర ఉన్న గేజి ముల్లు 39కి దిగి ఉంటే, గుండె గుభేలుమని, సబ్బునీళ్లు పట్టుకుని ప్రతి అతుకూ తడుముతూ పోతారు. మా సూపర్‌వైజరు కనిగిరి మనిషి, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ఆయన ఒకే మాట అనేవాడు: “అబ్బయ్యా, అది లీకు కాదు, రాత్రి చల్లబడింది. ముందు నిన్నటి వేడి ఎంతో, ఇప్పుడెంతో చూడు.” లెక్క ఆయన చెప్పినట్లే ఉంటుంది, ఆ ఒత్తిడి దగ్గర ఎనిమిది డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక బారు తగ్గుతుంది. అందుకే గేజి అంకె పక్కనే ఉష్ణోగ్రత కూడా రాయని కాగితం మీద, యజమాని తరఫున పని తనిఖీ చేసే కన్సల్టెంటు సంతకం పెట్టడు. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి, లోపలి గాలినీ తేమనూ లాగి, లోపల మిగిలిన ఒత్తిడిని 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) కిందికి తెచ్చి, పంపు ఆపాక కూడా ముల్లు నిలబడిందో లేదో చూడాలి. లోపల తేమ మిగిలితే అది కంప్రెసరు నూనెతో కలిసి ఆమ్లమై, యంత్రాన్ని నెమ్మదిగా తినేస్తుంది.

ఔట్‌డోర్ యూనిట్ మిద్దె మీద ఉంటుంది కనుక వేసవిలో మా రోజు రెండు ముక్కలయ్యేది. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదు. అంతకు ముందు 2007 నాటి నిబంధనలో ఈ విరామం 11:30కి మొదలై 3 గంటలకే ముగిసేది. ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలన్నది కొత్త నిబంధనలోని మంచి భాగం. రోహిణి కార్తె ఎండలు చూసి పెరిగిన మాకు వేడి కొత్త కాదు గానీ, చెమట ఆరనివ్వని ఆ తేమ మాత్రం మెట్టవాళ్లకు అలవాటు లేనిది.

సెలవుకు వచ్చినప్పుడల్లా నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాలలోనూ, పల్లెల్లో లేస్తున్న కల్యాణ మండపాలలోనూ ఇవే క్యాసెట్లు బిగిస్తుంటే నిలబడి చూస్తాను. ఇక్కడి కుర్రవాళ్ల పనితనం మాకేమీ తీసిపోదు. తేడా కూలిలో ఉంది. వారికి యూనిట్‌కు ఇంత అని లెక్క. 24 గంటలు ఊరికే గేజిని చూస్తూ కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్లే, నైట్రోజన్ సిలిండరు బాడుగ అదనం. అందుకని చాలాచోట్ల ఔట్‌డోర్ వాల్వు కాస్త తిప్పి, అందులోని గ్యాసుతోనే గొట్టాల్లోని గాలిని తోసేస్తారు. తేమ లోపలే ఉండిపోతుంది, పైగా ఇప్పుడు వస్తున్న ఆర్-32 కొద్దిగానైనా మండే స్వభావం గల గ్యాసు. దోహాలో ఓపిక మా సొత్తేమీ కాదు. కంపెనీ నెల జీతంతో కొన్న ఓపిక అది. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1000 రియాళ్లు, వసతీ భోజనమూ యజమాని ఇవ్వకపోతే మరో 500, 300. గేజి నిలిచి ఉన్నంతసేపు మమ్మల్ని ఇంకో సైటుకు పంపేవారు, జీతం జీతమే. పరీక్ష కాగితాల మీద మాత్రం కంపెనీ పేరూ కన్సల్టెంటు సంతకమూ ఉంటాయి గానీ అతుకు వేసిన మనిషి పేరుండదు. అందువల్ల తిరిగి వచ్చి ఇక్కడ పని వెదుక్కునేవాడు తనకు ఇదంతా తెలుసునని నోటితోనే చెప్పుకోవలసి వస్తుంది.

మా మేనల్లుడు ఆత్మకూరులో ఇదే పని చేస్తున్నాడు. ఒత్తిడి పరీక్షను, వ్యాక్యూమ్‌ను అంచనా కాగితంలో విడివిడిగా ధర వేసి చూపించమన్నాను. చూపించాడు, యజమానులు మొదట కొట్టేసేది ఆ రెండు వరుసలనేనట. వాటిమీద ఇప్పటికీ బేరమే నడుస్తోంది. అయితే నీళ్ల పరీక్షకు ఎవరూ డబ్బు అడగలేరు. మూత బిగించక ముందే ట్రేలో రెండు లీటర్ల నీళ్లు పోయించి, ఏసీని కూలింగ్‌లో నడిపించి, అవతలి కొస నుంచి నీరు ధారగా వస్తున్నదో లేదో కళ్లారా చూసి, ఆ తర్వాతే కూలి లెక్క తేల్చండని అడిగినవారందరికీ చెబుతున్నాను.