గండిపేట కట్ట మీద అడిగిన మాట

ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ వాళ్లకు సర్వే క్యాంపు. మా బ్యాచ్‌ని గండిపేట తీసుకెళ్లారు. 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య గారి సలహా, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్... సార్ కట్ట మీద నడుస్తూ చెబుతుంటే మా ధ్యాసంతా మధ్యాహ్నం బిర్యానీయా, పులిహోరా అన్నదాని మీదే. సాయంత్రానికి లెవల్స్ (నేల ఎత్తుల కొలతలు) కలవలేదు. రెండు రీడింగులు కుక్ చేసి కలిపేశాను. సార్ ఫీల్డ్ బుక్ తిప్పి, సరిగ్గా ఆ అంకె మీదే వేలు పెట్టి, "ఇది నువ్వు చూశావా?" అన్నారు. ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టదు.

1984లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, హుజూర్‌నగర్ వైపు ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరాను. రిజిస్టరు ప్రకారం మేజరులో, అంటే పెద్ద పిల్లకాలువలో, నిండుగా నీళ్లు. చివరి ఆయకట్టు నుంచి ఒకావిడ ఎండిన నారు కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. నేను రిజిస్టరు చూపించాను. సిగ్గులేకుండా.

కాలువ చూసుకునే లష్కర్ పెద్దాయన నన్ను కాలువకు తీసుకెళ్లి, చేతికర్ర నీళ్లలోకి దించాడు. "సారూ, గేజి అబద్ధం జెప్పదు. గని అడుగున ఒండ్రు ఎంత వడ్డదో దానికేం ఎరుక?" గేజి మూడడుగులు చూపిస్తోంది. అందులో అడుగున్నర ఒండ్రే. గేజి లోతును బట్టి పట్టికలో క్యూసెక్కులు (సెకనుకు పారే ఘనపుటడుగులు) చూసి నేను సంతకాలు పెడుతూ వచ్చాను. ఆ వారం పూడిక తీయించాం. ఆవిడ నారు మాత్రం తిరిగి రాలేదు.

తర్వాత ప్రమోషన్లు: డీఈ, ఈఈ, ఎస్ఈ. భూసేకరణ కేసులు, బిల్లులు, అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు. వాటి గురించి రాయడానికి నాకే విసుగు.

2009 అక్టోబరు మొదటి వారం మాత్రం మరిచిపోలేను. కృష్ణకు వరద. హైదరాబాద్ ఎర్రమంజిల్‌లో మా నీటిపారుదల శాఖ ఆఫీసు జలసౌధలో ఫోన్ల దగ్గర నా డ్యూటీ. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఈ అంకె నాకు పెళ్లిరోజు కన్నా బాగా గుర్తు (మా ఆవిడ ఈ సంచిక చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను). అలాంటిది శ్రీశైలానికి వచ్చే వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే ఊపున పారితే రోజుకు 216 టీఎంసీలు! జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు దాన్ని దాటి ఎక్కుతున్నాయి. చివరికి 896 అడుగులు దాటే దాకా ఆగలేదు.

అర్ధరాత్రి దాటాక ఒక కుర్ర ఇంజినీరు ఫోన్‌లో లెవల్ చెప్పాడు. రాసుకోబోయి ఆగాను.

"నువ్వు చూశావా బాబూ?"

అవతల కాసేపు వాన చప్పుడు.

"లేదు సార్, వాచ్‌మన్ చెప్పాడు. ఉండండి, టార్చి తీసుకుని వెళ్లొస్తాను."

లైన్ పెట్టేయకుండా పట్టుకునే కూర్చున్నాను.