వాళ్ళు కూడా తిరిగి వంగుతారు నాన్నా

ఈ వేసవిలో తెనాలి నుంచి అమెరికాకి తిరుగు ప్రయాణమయ్యే రోజు మావాడు తాతయ్య కాళ్ళకి దండం పెట్టనన్నాడు.

సూట్‌కేసులు కార్లోకి ఎక్కించేశాం. నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. "తాతయ్య కాళ్ళకి దండం పెట్టు నాన్నా" అన్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేసి, "హగ్ ఇస్తాను" అన్నాడు. గొంతు కాస్త పెంచి మళ్ళీ చెప్పాను. కదల్లేదు. వాడికి 11 ఏళ్ళు, పట్టుదలలో నా పోలికే. చివరికి నాన్నే, "పోనీలేరా, పిల్లాణ్ణి ఏడిపించకు, ఫ్లైట్ టైమవుతుంది" అన్నారు. అప్పటికే ఆయన కుడి చెయ్యి ఆశీర్వదించడానికి సగం దాకా పైకి లేచి ఉంది. ఆ చేతిని మెల్లగా దించి తొడ మీద పెట్టుకున్నారు. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా నేను కార్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు అంత కోపం రావడానికి కారణం ఉంది. వీడు వంగడం రాని పిల్లాడు కాదు. మూడేళ్ళుగా క్యోకుషిన్ కరాటేకి వెళ్తున్నాడు. డోజో, అంటే కరాటే నేర్పే హాలు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వరసలో పెట్టి, నడుము దాకా వంగి "ఓస్" అని వాళ్ళ పద్ధతిలో పలకరించి లోపలికి అడుగుపెడతాడు. సెన్సేయికి, అంటే గురువుకి, వంగుతాడు, తనకంటే ముందు చేరిన పిల్లలకి వంగుతాడు, గోడ మీది మాస్ ఒయామా (క్యోకుషిన్ మొదలుపెట్టినాయన) ఫోటోకి వంగుతాడు. క్లాసయ్యాక గుడ్డ తడిపి నేల తుడుస్తాడు, ఇంట్లో కంచం తీసి సింకులో వెయ్యమంటే పదిసార్లు చెప్పించుకునేవాడు! జపనీస్‌లో ఇచి, ని, సాన్ అంటూ ఎంత దాకానైనా లెక్కపెడతాడు. తెలుగులో ఇరవై దాటితే తడబాటే. డోజోలో బెంచీ మీద కూర్చుని వాణ్ణి చూసినన్నాళ్ళూ నాకు సంతోషంగానే ఉండేది. తెనాలి నుంచి వచ్చాక మాత్రం అదే వంగడం చూస్తుంటే మనసులో ఏదో గుచ్చుకునేది.

ఒక ఆదివారం రాత్రి యూట్యూబ్‌లో పాత డాక్యుమెంటరీ ఫుటేజ్ ఒకటి దొరికింది. 1975 నవంబరులో టోక్యోలో జరిగిన మొదటి ఓపెన్ వరల్డ్ కరాటే టోర్నమెంట్‌ది. క్యోకుషిన్‌ని ఫుల్ కాంటాక్ట్ అంటారు, దెబ్బ నిజంగా తగిలేలా కొడతారని. దాని అర్థం ఏమిటో అది చూశాకే నాకు నిజంగా తెలిసింది. మావాడి పోటీల్లో హెల్మెట్లు, కాళ్ళకి ప్యాడ్లు ఉంటాయి. అక్కడ ఏమీ లేవు, చేతులకి గ్లోవ్స్ కూడా లేవు. పిడికిలితో ముఖం మీద కొట్టకూడదు, కాలితో తల మీద తన్నొచ్చు. దెబ్బకి పడి మూడు సెకన్లలో లేవలేకపోతే ఇప్పన్, అంటే పూర్తి పాయింటు, పోటీ అక్కడితో సరి. బరువుని బట్టి విభాగాలు లేవు. అందుకే పొట్టిగా ఉన్న మనిషి తనకంటే తలెత్తు పొడుగున్న మనిషి ముందు నిలబడటం కనిపిస్తుంది.

వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా ఉద్దేశం మంచిది కాదు. పిల్లాడితో కలిసి సినిమా చూడాలని కాదు, వాదన గెలవాలని పిలిచాను.

చెప్పాలంటే వాడికి నాకంటే ఎక్కువ తెలుసు. న్యూయార్క్ నుంచి వెళ్ళిన విలియం ఆలివర్, చార్లెస్ మార్టిన్ కనిపించగానే పేర్లు చెప్పేశాడు. గెలిచింది కత్సుఆకి సాటో, రెండో స్థానం హత్సువో రోయామా, మూడో స్థానం జోకో నినోమియా అని ముందే చెప్పి, నేను "చెప్పకురా" అన్నాక నవ్వాడు. ఆ నినోమియానే తర్వాత అమెరికా వచ్చి 1988లో డెన్వర్‌లో ఎన్షిన్ అని సొంత కరాటే పద్ధతి మొదలుపెట్టాడట. "ఆయన కూడా ఇమిగ్రెంటే, నీలాగా" అన్నాడు.

ఒక పోటీ దగ్గర మేమిద్దరం మాటలు ఆపేశాం. ఒకతని తొడ మీద అవతలి మనిషి అదేపనిగా లో కిక్స్ కొడుతున్నాడు. చప్పట్లు, కేకలు ఎంత ఉన్నా ఆ దెబ్బ చప్పుడు విడిగా వినిపిస్తోంది, తడి బట్టని బండకేసి బాదినట్టు. దెబ్బ తినేవాడి ముఖంలో ఏ మార్పూ లేదు, కాలు మాత్రం ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా నేలకి ఆనుతోంది. చివరికి ఆ కాలు మడత పడిపోయింది. లేచాడు కానీ ఆలస్యమైపోయింది. జాకెట్ సర్దుకుని, బెల్ట్ బిగించుకుని, కుంటుతూ వచ్చి గీత దగ్గర నిలబడి వంగాడు.

"చూశావా" అన్నాను. "అంత బలవంతులు, అంత దెబ్బ తిని కూడా వంగుతున్నారు. తాతయ్యకి దండం పెట్టడానికి నీకేం కష్టం?"

వాడు రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. "మళ్ళీ చూడు నాన్నా. ఇద్దరూ వంగుతున్నారు." నిజమే. గెలిచినవాడూ వంగాడు, ఓడినవాడి కంటే ఒక క్షణం ఎక్కువసేపు వంగే ఉన్నాడు. "మా క్లాసులో ఒతగాయ్ ని రేయ్ అంటారు. అంటే ఒకరికొకరు. సెన్సేయి కూడా నాకు వంగుతాడు. నేను వైట్ బెల్ట్ ఉన్నప్పుడు కూడా వంగేవాడు."

నేను వెంటనే, మన పద్ధతిలో పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు, వాళ్ళు తిరిగి ఇచ్చేది అదే అన్నాను. వాడు టీవీ వైపే చూస్తూ అన్నాడు: "అప్పుడు ఆ మాట చెప్పలేదుగా. 'పెట్టు' అన్నావంతే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెనాలి గుర్తొచ్చి కాదు, వాడి ఐదో ఏడు గుర్తొచ్చి.

అప్పట్లో వీడు అందరి కాళ్ళకీ దండం పెట్టేవాడు. మా అమ్మ ఆరు నెలలు మాతో ఉండి నేర్పించి వెళ్ళింది. ఒకరోజు క్లాస్‌మేట్ పుట్టినరోజుకి వెళ్తే, ఆ పిల్లాడి అమ్మమ్మ, తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ, సోఫాలో కూర్చుని ఉంది. వీడు తిన్నగా వెళ్ళి వంగి ఆవిడ బూట్లు పట్టుకున్నాడు. ఆవిడ కంగారుపడి కాళ్ళు వెనక్కి తీసుకుంది. నేను ఒక్క అంగలో వెళ్ళి వాడి చెయ్యి పట్టి లేపి, "ఇక్కడ అలా చెయ్యకూడదు" అన్నాను. ఆవిడకి సారీ చెప్పాను. సారీ! వాడికి ఒక్క మాట కూడా వివరించలేదు. కార్లో వస్తూ, "తప్పు చేశానా నాన్నా?" అని అడిగితే, "తప్పు కాదు, ఇక్కడ వద్దు" అని పాట పెట్టేశాను. ఆ తర్వాత వాడు మా స్నేహితుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కూడా మానేశాడు. నాకు అదే సులువుగా ఉండి ఊరుకున్నాను. ఆరేళ్ళ తర్వాత నాన్న ముందు నిలబెట్టి, ఏమీ జరగనట్టు, పెట్టు అన్నాను.

మాస్ ఒయామా గురించి తర్వాత చదివాను. 1923లో కొరియాలో పుట్టాడు, అప్పుడది జపాన్ పాలనలో ఉంది. అసలు పేరు చోయ్ యోంగ్ ఉయ్. యువకుడిగా జపాన్ వెళ్ళి, అక్కడి పేరు పెట్టుకుని, 1994లో చనిపోయే దాకా అక్కడే ఉండిపోయాడు. మావాడు రోజూ వంగేది ఒక వలస వచ్చిన మనిషి ఫోటోకి అన్నమాట. జపనీస్ సంప్రదాయం అని మేమనుకునేదాన్ని న్యూయార్క్ కుర్రాళ్ళకీ, ఇప్పుడు తెనాలి వాళ్ళ మనవడికీ అందించింది పరాయి దేశంలో పేరు మార్చుకుని బతికిన మనిషి. ఆయన తన పిల్లలకి కొరియన్ పద్ధతిలో పెద్దలకి నమస్కరించడం నేర్పాడా అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రులకి నేను చెప్పగలిగింది కొంచెమే. నలుగురి ముందు పిల్లల్ని "పెట్టు" అనకండి. ఎందుకో ముందే ఇంట్లో చెప్పండి. వాళ్ళు చిన్నప్పుడు చేసింది మీకు సిగ్గనిపించి ఆపి ఉంటే, అది మీ సిగ్గని వాళ్ళకి చెప్పండి. నేను ఈ మూడోది వాడికి చెప్పాను. వాడు విని, "నాకు గుర్తుంది" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, నేనూ రెట్టించలేదు.

చెప్పినంత మాత్రాన సరిపోతుందా అంటే నాకు నమ్మకం లేదు. డోజోలో వంగడం ఒకరికొకరు. తాతయ్య దగ్గర వంగడం అలాంటిది కాదు, కాకూడదనే నా మనసులో ఉంది. నాన్న తిరిగి నాకు వంగితే నేను తట్టుకోలేను. మరి మావాడికి అలవాటైన న్యాయం ప్రకారం మా పద్ధతి సగమే కదా! సగం చాలు, అది ఇలాగే అందంగా ఉంటుంది అని వాడికి ఎలా చెప్పాలి? మా చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. అమ్మ వీపు మీద చెయ్యి వేసి నెట్టేది, మేం వంగేవాళ్ళం, తల మీద నాన్న చెయ్యి పడేది, "చిరంజీవ" అనేవారు. ఆ చేతి బరువు తలకి ఇప్పటికీ తెలుసు. వాడి తలకి తెలియదు, ఆ రోజు వరండాలో తెలిసే అవకాశం నేను పాడుచేశాను.

డిసెంబరులో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఏమీ అనకూడదని మా ఆవిడ మాట తీసుకుంది. ముందు నేనే వంగుతాను, చూసి వాడికి రావాలనిపిస్తే వస్తాడు అనుకుంటున్నాను. అయితే రెండు రోజులయ్యాక మళ్ళీ నోరు జారతానేమోనన్న భయం కూడా ఉంది.

నిన్న రాత్రి పడుకోబోతూ వాడు తన గది గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరిగి, చేతులు పక్కన పెట్టుకుని "ఓస్" అని వంగాడు. ఇంతకుముందు ఇంట్లో ఎప్పుడూ అలా చెయ్యలేదు. నేను ఫోను పక్కన పెట్టి లేచి నిలబడి వంగాను. ఎంతసేపు వంగి ఉండాలో నాకు తెలియదు. తల ఎత్తేసరికి వాడు అక్కడే నిలబడి నా వైపు చూస్తున్నాడు. "ఇంకొంచెం కిందికి నాన్నా" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.