లెవోడోపాకూ పప్పన్నానికీ మెదడు వాకిట పోటీ

కదలికలు మందగించే పార్కిన్సన్స్ వ్యాధికి ఇచ్చే లెవోడోపా అనే మందు పప్పన్నం తిన్నాక ఎందుకు సరిగ్గా పనిచేయదో తెలియాలంటే ముందు మెదడు రక్తనాళాల గోడను చూడాలి. శరీరంలో చాలా చోట్ల కేశనాళికల గోడలోని కణాల నడుమ సన్నని సందులు ఉంటాయి కనుక చిన్న అణువులు వాటి గుండా సులభంగా బయటికి వెళ్తాయి. మెదడులో మాత్రం ఆ కణాలు సందు లేకుండా బిగుసుకొని ఉంటాయని 1967లో రీస్, కర్నోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో చూపించారు. ఆక్సిజన్ వంటి వాయువులకు అది అడ్డు కాదు గాని, నీటిలో కరిగే పోషకాలు వాహక ప్రోటీన్ల సాయం లేనిదే తగినంతగా లోపలికి చేరలేవు. గ్లూకోజును చేరవేసేది గ్లూట్-1. అది లోపించిన పిల్లలకు రక్తంలో చక్కెర సరిగ్గానే ఉన్నా మెదడుకు చాలినంత అందక మూర్ఛలు వస్తాయి. కొవ్వు నుంచి శరీరం తయారుచేసుకునే కీటోన్లనే ఇంధనానికి దారి వేరు కనుక, కొవ్వు ప్రధానమైన కీటోజెనిక్ ఆహారం వారిలో చాలామందికి మేలు చేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లాట్-1 అనే మరో వాహకం. ప్రోటీన్ అరిగినప్పుడు వచ్చే లూసిన్, ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ వంటి పెద్ద అమైనో ఆమ్లాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. రక్తంలో అవి మామూలు మోతాదులో ఉన్నప్పుడే ఈ వాహకం దాదాపు నిండిపోయి ఉంటుంది కాబట్టి, ఒకటి పెరిగితే మిగిలినవాటికి చోటు తగ్గుతుంది. పార్కిన్సన్స్ వ్యాధిలో కొరవడే డోపమైన్ (కదలికలకు అవసరమైన మెదడు రసాయనం) ఈ అడ్డును దాటలేదు. అందుకే దాని పూర్వరూపమైన లెవోడోపాను ఇస్తారు. అదీ లాట్-1 మీదే వెళ్ళాలి.

మా పెదనాన్నగారు ఉదయం ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే కాసేపటికి చొక్కా గుండీలు తామే పెట్టుకుంటారు. అదే మాత్రను పప్పు, కోడిగుడ్డు, పెరుగుతో భోంచేశాక వేసుకుంటే కుర్చీలోంచి లేవడానికే ఇబ్బంది పడతారు. ఇందులో కొంత భాగం జీర్ణాశయం మెల్లగా ఖాళీ కావడం వల్లా, పేగులోనూ ఇలాంటి పోటీ ఉండడం వల్లా జరుగుతుంది. అయితే అంతా పేగులోనే జరగడం లేదని 1984లో నట్ అనే పరిశోధకుని బృందం చక్కగా నిరూపించింది. వారు లెవోడోపాను నేరుగా సిరలోకి ఎక్కిస్తూ, ప్రోటీన్ ఎక్కువగా ఉన్న భోజనం గాని, ఫినైల్ అలనిన్, లూసిన్ వంటివి గాని ఇచ్చినప్పుడు, రక్తంలో మందు తగ్గకపోయినా రోగుల కదలికలు మళ్ళీ మందగించాయి. ఆ వాహకాన్ని వాడుకోని గ్లైసిన్, లైసిన్ ఇచ్చినప్పుడు అలా జరగలేదు. ఇంత సూటిగా ప్రశ్న వేసి జవాబు రాబట్టిన ప్రయోగాలు అరుదని నా అభిప్రాయం.

అందుకే మాత్రను భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమని వైద్యులు సాధారణంగా చెబుతారు. మందు ప్రభావం రోజులో బాగా హెచ్చుతగ్గులవుతున్నవారికి పప్పు, గుడ్లు, మాంసం రాత్రి భోజనానికి మార్చమని సూచిస్తారు. అంతమాత్రాన ప్రోటీన్‌ను మొత్తంగా తగ్గించేయకూడదు. ఈ వ్యాధిలో బరువు తగ్గడం, కండ కరగడం తరచుగా కనిపిస్తాయి కనుక, వేళల మార్పు కూడా వైద్యునితో మాట్లాడాకే చేయాలి.