పదమూడో వచనం ఒక్కటే చదివితే సరిపోదు

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు మీద ఇదే, గోడ క్యాలెండర్ మీద ఇదే, ఆటో వెనకాల ఇదే, పరీక్షకు వెళ్లే పిల్లల అట్ట మీద ఇదే. బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణపు సంఘానికి రాసిన ఉత్తరం, అంటే ఫిలిప్పీ పత్రిక, 4వ అధ్యాయం, 13వ వచనం. దేవుని వాక్యం ఎక్కడ కనబడినా నాకు సంతోషమే. కానీ ఈ వచనం పట్టుకుని వీసా వస్తుంది, సీటు వస్తుంది, ప్రమోషన్ వస్తుంది అని ప్రసంగాలు చేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. పౌలు ఈ మాట రాసేనాటికి ఆయనకు వచ్చిందేమీ లేదు. సంకెళ్లలో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో తేలలేదని మొదటి అధ్యాయంలో ఆయనే రాశాడు.

దాని పై వచనం చదవండి. "కడుపు నిండియుండుటకును ఆకలిగొనియుండుటకును, సమృద్ధికలిగియుండుటకును లేమిలో ఉండుటకును నేర్చుకొనియున్నాను." ఆ తర్వాతే పదమూడు. అంటే క్రీస్తు బలంతో ఆయన చేయగలనన్నది పస్తులుండటం, కడుపు నిండిన రోజున దేవుణ్ణి మరవకుండా ఉండటం. రెండోది మొదటిదానికన్నా కష్టమని నా నమ్మకం. ఆకలితో ఉన్నప్పుడు మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. అపార్ట్‌మెంట్ కొన్నాక ఉదయకాల ప్రార్థనకు టైమ్ దొరకని కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు?

ఇప్పుడు కింది వచనాలకు రండి. మనం ఎక్కువగా వదిలేసేది ఇక్కడే. ఈ భాగమంతా డబ్బు అందిందని రాసిన ఉత్తరం. అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయం చూడండి, రోములో పౌలు రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాడు. కాపలాకు ఒక సైనికుడు. బయటికి వెళ్లి పని చేసుకునే వీలు లేదు. అద్దె ఎవరు కట్టాలి, రొట్టె ఎవరు తేవాలి? ఫిలిప్పీ సంఘం చందాలు పోగుచేసి తమ మనిషి ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపింది. ఆ సంఘమేమీ కలిగినవాళ్ల సంఘం కాదు. ఫిలిప్పీ ఉన్న మాసిదోనియ ప్రాంతపు సంఘాలవారు నిరుపేదలని రెండో కొరింథీ పత్రికలో పౌలే చెప్పాడు. అంత దూరం మోసుకొచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. పౌలు ఆ సంగతి దాచలేదు. పేరు పెట్టి రాశాడు, తిరిగి వచ్చినప్పుడు అతన్ని ఘనపరచమన్నాడు. సంకెళ్లలో ఉన్న ఆ మనిషి, "ఏమియు తక్కువలేక యున్నాను" అన్నాడు. వాళ్లు పంపిన ఆ కొద్దిపాటి డబ్బును దేవుడికి ఇష్టమైన యాగమన్నాడు, సువాసన అన్నాడు.

ఈ ఉత్తరం అందుకున్నవాళ్లకు పౌలు సంతోషం కొత్త కాదు. ఫిలిప్పీ చెరసాలలోనే కదా, దెబ్బలు తిన్న వీపులతో, కాళ్లకు బొండ బిగించి ఉండగా, మధ్యరాత్రి పౌలు, సీల పాటలు పాడింది! ఆ రాత్రే గాయాలు కడిగిన చెరసాల నాయకుడు అప్పటికింకా బతికుంటే సంఘంలో కూర్చుని ఈ ఉత్తరం విని ఉంటాడు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట చదువుతుంటే ఆయనకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ఆ గాయాలను చేత్తో తాకిన మనిషి ఆయన.

తృప్తి అలవడిన మనుషులు ఇప్పుడూ ఉన్నారు. మా సంఘంలో కౌలుకు వరి వేసుకునే కుటుంబం ఒకటి ఉంది. కోతకొచ్చిన చేను తుపానులో పడిపోయింది. నీళ్లలో నానిన వెన్నులకు మొలకలొచ్చాయి, గింజ రంగు మారింది. ఆ ఏడు కోత పండుగకు వాళ్లు రారనుకున్నాం. వచ్చారు. అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయల పక్కన ఆ నల్లబడ్డ వడ్లు ఒక చిన్న సంచిలో పెట్టారు. సాక్ష్యం చెప్పమంటే ఆయన లేచి, మోకాలి లోతు బురదలో దిగి తనతోపాటు పనలు గట్టుకు చేర్చిన నలుగురి పేర్లు చెప్పి, ప్రభువుకు స్తోత్రమని కూర్చున్నాడు. నష్టపరిహారం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. దాని కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, అది ఆయన హక్కు. తృప్తి ఉన్నవాడు హక్కు అడగకూడదని వాక్యంలో ఎక్కడా లేదు. పౌలు కూడా రోమా పౌరుణ్ణని అడగాల్సిన చోట అడిగాడు.

మన తెలుగు సంఘాల పునాదుల్లోనూ ఇదే ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డాక్టర్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఒంగోలు ప్రాంతపు పేదలకు కూలి పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక జనం వచ్చారు, ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పంచే గింజలు అయిపోయాక వచ్చిన విశ్వాసం అది. దాని వారసులమైన మనం వాగ్దాన కార్డులో ఇల్లు రాలేదని దిగులుపడుతున్నాం!

ప్రియులారా, కృతజ్ఞత కూడిక పెట్టుకోండి, గృహప్రవేశానికే కాదు, ఏమీ కలిసిరాని ఏడాది చివర కూడా పెట్టుకోండి. బిర్యానీ లేకపోతే టీ, బిస్కెట్లు చాలు. దేవుడికి స్తోత్రం చెప్పాక మనుషుల పేర్లు కూడా చెప్పండి. ఇంటర్ ఫీజు కట్టిన మేనమామ, ఆసుపత్రిలో రాత్రంతా మీతో మెలకువగా ఉన్న పక్కింటి వదినగారు, కువైట్‌లో ఇంటిపని చేస్తూ నెలనెలా డబ్బు పంపే అక్క. వాళ్లు మీ ఎపఫ్రొదితులు. అక్కకు ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి ఎత్తకండి. అన్నం తిన్నావా, ఒంట్లో బాగుందా అని అడగండి, ఆవిడతో కలిసి ఒక వచనం చదవండి. అక్కడ ఆరాధన శుక్రవారం, ఆవిడకు కాస్త తీరిక దొరికేదీ ఆ రోజే కావచ్చు, ఆ సాయంత్రం చేయండి.