చదరపు అడుగు లెక్కతో మొదలుపెట్టకండి

అద్దాలు తుడిచే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, చదరపు అడుగుకి ఎంత వేస్తావు?" నేను ఆ లెక్కతో కొటేషన్ కట్టను. క్లయింటుకి అలాగే కావాలంటే, మొత్తం రేటు తేలాక చదరపు అడుగులతో భాగించి ఇస్తాను.

షోరూమ్ ముందు 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న అద్దం ఒకటుందనుకోండి. 48 చదరపు అడుగులు. పక్క బిల్డింగ్‌లో 2 అడుగులకు 2 అడుగుల గళ్లు 12 ఉన్నాయి. అవీ 48 చదరపు అడుగులే. పెద్ద అద్దాన్ని తడిపి, వైపర్‌ను మెలికలు తిప్పుతూ ఒక్క ఊపులో కిందికి లాగేయొచ్చు. చుట్టూ అంచు 28 అడుగులు, మూలలు నాలుగు. గళ్లకైతే అంచులన్నీ కలిపి 96 అడుగులు, మూలలు 48. ప్రతి గడికీ రబ్బరు తుడుచుకోవాలి, ప్రతి మూలలో నిలిచిన నీటిని గుడ్డతో అద్దాలి. టైమంతా పోయేది ఆ అంచుల దగ్గరే. అందుకే నేను అద్దాలు లెక్కపెట్టి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో రాసుకుంటాను.

బిల్డింగ్ చుట్టూ నడవకుండా ఫోన్లో రేటు చెప్పడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. నిచ్చెన వేసే చోట నేల సమంగా ఉందా, అద్దం కింద మొక్కలో బోర్డో అడ్డొస్తున్నాయా, కుళాయి ఎంత దూరం, లోపల కిటికీని ఆనుకుని కంప్యూటర్లు పెట్టారా, ఇవన్నీ కళ్లతో చూడాల్సినవే. ఎండ ఏ వైపు ఎప్పుడు పడుతుందో కూడా అడగండి. నేరుగా ఎండ తగిలితే వైపర్ లాగేలోపే సబ్బునీళ్లు ఆరిపోయి చారలు పడతాయి. మనిషిని పైకెత్తే లిఫ్ట్ మెషిన్ తెప్పించాల్సి వస్తే దాని అద్దె కొటేషన్‌లో విడిగా కనిపించాలి. తాడు మీద దిగే పనైతే, శిక్షణ ఉన్న టీమ్ లేకుండా ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకండి.

ఎత్తు కన్నా ఎక్కువ దెబ్బతీసేది అద్దం పరిస్థితి. మామూలు దుమ్ము వేరు, ఉప్పునీటి మరకలు వేరు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అద్దం మీద పేరుకుని తెల్లగా గట్టిపడతాయి. చాలాకాలం వదిలేస్తే అద్దం పైపొరే తినేసినట్టవుతుంది, అప్పుడు ఏ కెమికల్ వేసినా పాత మెరుపు రాదు. అందుకే ముందు ఒక మూల శుభ్రం చేసి, క్లయింటుకి చూపించి, అప్పుడే రేటు చెప్తాను.

కొత్త బిల్డింగ్ అయితే ఇంకా జాగ్రత్త. సిమెంటు, పెయింట్ చుక్కలు గీకాలని స్క్రేపర్ తీస్తాం. టెంపర్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) మీద కొన్నిసార్లు ఫ్యాక్టరీలోనే సన్నటి గాజు నలుసులు అతుక్కుని ఉంటాయి. బ్లేడు వాటిని ఊడగొట్టి ఈడ్చుకుపోతే గీతలు పడతాయి, ఎండలో అవి స్పష్టంగా కనిపిస్తాయి. తడి అద్దం మీద వేళ్లు ఆడించి చూడండి. ఇసుక కాగితంలా గరగరలాడితే ఆగిపోయి, ఆ రిస్క్ కాగితం మీద రాసి, క్లయింటు సంతకం తీసుకున్నాకే ముందుకెళ్లండి.

ఇక లెక్క. 80 అద్దాలు, రెండు వైపులా కలిపి ఒక్కోదానికి 4 నిమిషాలంటే 320 నిమిషాలు. సామాను దించడం, నిచ్చెన జరపడం, నీళ్లు మార్చడం ఇంకో 80 అనుకుందాం. మొత్తం 400 నిమిషాలు, ఇద్దరు చేస్తే 3 గంటల 20 నిమిషాలు. రేటు కోసం మొత్తం 400 నిమిషాలను, అంటే 6 గంటల 40 నిమిషాలను, మనిషికి గంట ఖర్చుతో గుణించాలి. ఆ ఖర్చులో కూలీ ఒక్కటే కాదు, ప్రయాణం, ఇన్సూరెన్స్, రబ్బర్లు, కొటేషన్ కోసం తిరిగిన టైము కూడా ఉండాలి. ఖర్చు 100 అయి, బిల్లులో 20 శాతం మిగలాలంటే 120 వేస్తే చాలదు. 120లో మిగిలే 20 అంటే 16.67 శాతమే. 100ని 0.8తో భాగించి 125 వేయాలి. దీని గురించి నేను ఎవరికి చెప్పినా విసుక్కోను, ఎందుకంటే ఏడాదంతా పనిచేసినా చేతిలో డబ్బు ఎందుకు నిలవట్లేదో చాలామందికి ఇక్కడే తెలుస్తుంది.

మొదటిసారి పనికి ఒక రేటు, ఆ తర్వాత నెలనెలా చేసేదానికి ఇంకో రేటు ఇవ్వండి. ప్రతి నెలా తుడిచే అద్దం తొందరగా అయిపోతుంది కాబట్టి తగ్గించడం న్యాయమే. కానీ "నెలనెలా ఇస్తాం" అన్న మాట మీద మొదటి రోజే తగ్గించొద్దు. వాళ్లు రెండో నెల పిలవకపోతే ఆ పాత మురికంతా మీరు చౌకగా వదిలించినట్టే.

బేరానికి దిగితే రేటు కాకుండా పని తగ్గించండి. బయటివైపు ప్రతి నెలా, లోపలివైపు మూడు నెలలకోసారి అని చెప్పొచ్చు. లేదా పార్టిషన్ అద్దాలు తీసేయొచ్చు. ఏవి తీసేశారో, ఎన్ని అద్దాలు మిగిలాయో కొటేషన్‌లో నంబరుతో సహా రాసి ఇవ్వండి.