సముద్రపు చేపకి తెల్ల చుక్కలొస్తే: టబ్బులు మార్చే వైద్యం

టాంగ్ అనే సముద్రపు చేప రెక్కల మీద ఉప్పు రవ్వ అంటుకున్నట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అది చాలావరకు క్రిప్టోకేరియన్ అనే పరాన్నజీవి. నాలుగు రోజులకి చుక్కలు పోగానే తగ్గిపోయిందనుకుంటారు. తగ్గలేదు. 3 నుంచి 7 రోజులు చేపని పట్టుకున్న ఆ పరాన్నజీవి రాలి, ఇసక మీదా రాళ్ళ మీదా గూడు కట్టుకుంటుంది. ఆ గూడు పగిలి వందల పిల్లలు బయటికొచ్చి మళ్ళీ అదే చేపని పట్టుకుంటాయి.

చుక్కలు పొడి చల్లినట్టు మరీ సన్నగా ఉండి, చేప ఎగశ్వాస పెడుతూ పంపు ఎదుటే నిలబడితే అది వెల్వెట్ అనే వేరే రోగం. క్లౌన్ చేప ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడితే బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి. ఈ రెండింటికీ కింద చెప్పే పద్ధతి పనిచెయ్యదు.

రాగి మందు తెల్ల చుక్కలకి పనిచేస్తుంది గానీ, తక్కువైతే రోగం పోదు, ఎక్కువైతే చేపే పోతుంది. టెస్ట్ కిట్ చేతిలో లేకుండా ముట్టుకోవద్దు. రాళ్ళూ, పగడాలూ, రొయ్యలూ ఉన్న ట్యాంకులో అసలే వెయ్యకూడదు. అందుకే టబ్బులు మార్చడమే మేలంటాను.

గూడు పగలడానికి ఎంత తొందరన్నా 3 రోజులు పడుతుంది. ఆలోపే చేపని కొత్త నీళ్ళలోకి మార్చేస్తే రాలినవన్నీ పాత టబ్బులోనే మిగిలిపోతాయి. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు, విడివిడిగా గాలి బుడగలొదిలే ఎయిర్ స్టోన్లు రెండు, దాక్కోడానికి రెండు పీవీసీ ఎల్బోలు చాలు. మొదటి రోజు ఒక టబ్బులో వేసి, 4, 7, 10 రోజుల్లో మారుస్తూ, 13వ రోజున వేరే శుభ్రమైన ట్యాంకులోకి పంపాలి. గంటలు లెక్కపెట్టండి, 72 దాటకూడదు. చేపతోపాటు పాత నీళ్ళు వీలైనంత తక్కువ వెళ్ళాలి.

30 లీటర్ల ఆర్వో నీటికి సుమారు 1 కిలో 50 గ్రాముల మెరైన్ సాల్ట్ పడుతుంది. మన తీరం గాలికి విప్పిన ప్యాకెట్ చెమ్మ పీలుస్తుంది కాబట్టి తూకాన్ని నమ్మకుండా ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూసుకోండి. ముందు రోజు రాత్రే కలిపి గాలి పెట్టి ఉంచండి. వేడి, ఉప్పదనం పాత టబ్బుతో సరిపోవాలి. నౌపడ ఉప్పు కూరకి బాగుంటుంది గానీ ట్యాంకుకి పనికిరాదు, మళ్ళలో ఉప్పు తేలేసరికి కాల్షియం ముందే అడుగున పేరుకుంటుంది, మెగ్నీషియం ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో పోతుంది. కళింగపట్నం సముద్రపు నీళ్ళు తెచ్చుకుందామంటే, వానాకాలంలో వంశధార కలిసే చోట ఉప్పదనం పడిపోతుంది.

ఖాళీ అయిన టబ్బుని వెనిగర్‌తో తోమి, కనీసం ఒక రోజు పూర్తిగా ఆరబెట్టాలి. ముసురు రోజుల్లో చాలామందికి పని చెడేది ఇక్కడే. టబ్బు ఆరినట్టే ఉంటుంది, ఎయిర్ స్టోన్ లోపల, ఎల్బో మలుపులో తడి ఉండిపోతుంది. పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద పెట్టండి.

ఫిల్టర్ లేదు కాబట్టి అమ్మోనియా పెరుగుతుంది. మేత రోజుకొకసారి కొద్దిగా వేసి, అరగంటలో మిగిలింది పైపుతో లాగెయ్యండి. అమ్మోనియాని కట్టే కండిషనర్ దగ్గరుంచుకోండి. కరెంటు పోతే ఆదుకోడానికి బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. ఎండాకాలంలో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పి, ఆవిరైనంత మేరా ఉప్పులేని ఆర్వో నీళ్ళే కలపాలి.

అసలు ట్యాంకులో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు వదిలెయ్యాలి. పగడాలూ రొయ్యలూ ఉండొచ్చు. ఈలోగా చేప ఉండే ట్యాంకుకి ఫిల్టర్ స్పాంజి కొత్తది ముందే సిద్ధం చేసుకోండి. పాత ట్యాంకు స్పాంజి తెచ్చి పెడితే గూళ్ళు దాంతోనే వచ్చేస్తాయి.